పుప్పొడి లేని పువ్వు

ఉల్లి మొక్క పూతకు వచ్చినప్పుడు కాడ చివర బంతిలా గుండ్రంగా నిలిచే పూగుత్తిలో కొన్ని వందల చిన్న పువ్వులుంటాయి. ఒక్కొక్క పువ్వులో ఆరు కేసరాలు, నడుమ మూడు గదుల అండాశయం, గదికి రెండు అండాల చొప్పున మొత్తం ఆరు గింజలకే చోటు. కూరగాయల ప్రజనన శాస్త్రాన్ని చాలాకాలం వేధించిన చిక్కు ఈ లెక్కలోనే ఉంది. రెండు వేర్వేరు ఉల్లి వంశాలను కలిపి సంకర విత్తనం తీయాలంటే, తల్లిగా ఎంచుకున్న మొక్కలోని ప్రతి పువ్వు నుండీ కేసరాలను అవి పుప్పొడి రాల్చక ముందే తుంచివేయాలి. గుత్తిలోని పువ్వులన్నీ ఒక్కసారిగా విచ్చుకోవు కాబట్టి ఒకే గుత్తి దగ్గరకు రోజుల తరబడి తిరిగి తిరిగి రావాలి. ఇంత చేసినా పువ్వుకు దక్కేది ఆరు గింజలే, అదీ ఆరూ నిండితే. ఎంత చవకగా కూలీలు దొరికినా ఈ పద్ధతిలో పొలాలకు సరిపడే విత్తనం తయారుచేయడం అయ్యే పని కాదు.

టమాటా సంగతి వేరు. దాని పువ్వు ఒక్కదానిలో కేసరాలు తీసి వేరొక మొక్క పుప్పొడిని అద్దితే, పండే కాయలో వందకు పైగా గింజలుంటాయి కాబట్టి చేతిపనికి తగిన ఫలితం కనిపిస్తుంది. కర్ణాటకలోని రాణెబెన్నూరు పరిసరాలలో సంకర కూరగాయ విత్తనం తీసే పని ఒక జీవనోపాధిగా స్థిరపడటానికి కారణం ఇదే. తెలుగువారికి ఈ పని పత్తి ద్వారా పరిచయం. గద్వాల ప్రాంతపు సీడు పత్తి చేలలో నేటి సాయంత్రం మొగ్గను ఒలిచి కేసరాలను తొలగించడం, రేపటి ఉదయం మగ పువ్వును తెచ్చి దానికి అద్దడం అనే క్రమం సీజను పొడవునా సాగుతుంది. ఆ వరుసల మధ్య వంగి పనిచేసేవారిలో స్త్రీలే ఎక్కువమంది కావడం, బడిలో ఉండవలసిన పిల్లలు కూడా ఆ పనికి దిగవలసి రావడం ఈ వృత్తి మోసిన బరువు. మొక్క తనంతట తానే పుప్పొడి చేయడం మానుకుంటే ఆ శ్రమలో సగం, అంటే మొగ్గ ఒలిచే సగం, తప్పిపోతుంది. అటువంటి మొక్కలు ప్రకృతిలో ఉన్నాయి. కేసరాలు ఉండీ పుప్పొడి పండకపోవడాన్ని, లేదా కేసరాలే సరిగా ఏర్పడకపోవడాన్ని శాస్త్రజ్ఞులు పురుష వంధ్యత్వం అంటారు. ఈ మొక్కలలో అండాశయానికి ఏ లోపమూ ఉండదు, బయటి పుప్పొడి తగిలితే చాలు, నిండుగా గింజ కడతాయి.

1925లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం డేవిస్‌లో హెన్రీ జోన్స్ అనే ప్రజనన శాస్త్రవేత్త ఇటాలియన్ రెడ్ అనే ఉల్లి రకంలో అటువంటి మొక్కను గుర్తించారు. మొక్కను సంచితో కప్పి తన పుప్పొడితో తానే గింజ కట్టేలా చూస్తే ఒక్క గింజా రాలేదు. అయితే దాని పూగుత్తిలో పువ్వుల మధ్య చిన్న చిన్న గడ్డలు పుట్టాయి. ఆ బుల్లి గడ్డలను నాటడం ద్వారా ఆ మొక్కను అలాగే నిలబెట్టుకోవడం సాధ్యమైంది. గడ్డలే పుట్టకపోయి ఉంటే ఆ వంశం ఆ ఏడాదితోనే అంతరించి ఉండవచ్చు. వ్యవసాయ చరిత్రలో పెద్ద మలుపులు ఎంత సన్నని దారం మీద ఆధారపడతాయో చెప్పడానికి ఈ మొక్క చాలు. 13-53 అనే సంఖ్యతో నమోదైన ఆ మొక్కను ఇతర ఉల్లి రకాలతో ఏళ్ల తరబడి కలిపి, పుట్టిన సంతానంలో ఎన్ని వంధ్యమో ఎన్ని సారవంతమో లెక్కించి, 1943లో జోన్స్, ఆయన సహచరుడు క్లార్క్ ఆ లక్షణం సంక్రమించే తీరును వివరించారు.

ఆ వివరణ సారాంశం తెలియాలంటే కణంలో వంశలక్షణాలు రెండు చోట్ల ఉంటాయని గుర్తుంచుకోవాలి. కేంద్రకంలోని జన్యువులు తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వస్తాయి. కేంద్రకం చుట్టూ ఉండే కణద్రవ్యంలో మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలు ఉంటాయి, వాటికి సొంత డీఎన్ఏ ఉంది. పుప్పొడి గింజ అండానికి చేర్చేది దాదాపు కేంద్రకాన్ని మాత్రమే కాబట్టి ఈ మైటోకాండ్రియా ఉల్లిలోనూ, చాలా మొక్కలలోనూ తల్లి నుండే బిడ్డకు దిగుతాయి. ఉల్లిలో కణద్రవ్యం రెండు రకాలు: మామూలుది, వంధ్యత్వాన్ని కలిగించేది. కేంద్రకంలో ఒక జన్యువుకు రెండు రూపాలున్నాయి: పుప్పొడిని తిరిగి పండించే బహిర్గత రూపం, ఆ శక్తి లేని అంతర్గత రూపం. బహిర్గత రూపం ఒక్కటి ఉన్నా దాని ప్రభావం కనిపిస్తుంది, అంతర్గత రూపం జంటగా ఉంటేనే కనిపిస్తుంది. కణద్రవ్యం వంధ్యమైనదై, కేంద్రకంలో అంతర్గత రూపం జంటగా ఉన్నప్పుడు మాత్రమే ఉల్లి పుప్పొడి కోల్పోతుంది. ఈ రెండు షరతులలో ఏది తప్పినా పువ్వు మామూలుగానే ఉంటుంది. కణద్రవ్యం కలిగించిన లోపాన్ని కేంద్రకంలోని జన్యువు సరిదిద్దడాన్నే సారత్వ పునరుద్ధరణ అంటారు.

దీని మీద నిర్మించిన విత్తనోత్పత్తి పద్ధతిలో మూడు వంశాలు అవసరమవుతాయి. విత్తన రంగంలో వాటిని ఏ లైను, బీ లైను, ఆర్ లైను అని పిలుస్తారు. ఏ లైను పుప్పొడి లేని తల్లి. తనకు తాను గింజ కట్టలేని ఈ తల్లిని ఏటా నిలబెట్టేది బీ లైను: కేంద్రకం అచ్చంగా ఏ లైనుదే, కణద్రవ్యం మాత్రం మామూలుది, అందుచేత దానికి పుప్పొడి ఉంటుంది, ఆ పుప్పొడితో ఏ లైను కట్టిన గింజ తల్లి కణద్రవ్యాన్ని, ఇద్దరి అంతర్గత రూపాలను పొంది మళ్లీ వంధ్య మొక్కగానే మొలుస్తుంది. ఈ రెండు వంశాలు పక్కపక్కన నిలిస్తే పూత విప్పే వరకు కవలల్లా కనిపిస్తాయి. ఆర్ లైను సంకరానికి తండ్రి. పునరుద్ధరణ జన్యువును మోసుకొచ్చి, రైతు పొలంలో పెరిగే సంకర మొక్కకు పుప్పొడిని తిరిగి ఇచ్చేది ఇదే.

మూడింటిలో బీ లైనును వెదకడం ప్రజనన శాస్త్రవేత్త ఓపికకు పరీక్ష. ఒక పాత ఉల్లి రకంలో పుప్పొడి పండే మొక్కలన్నీ కంటికి ఒకేలా ఉంటాయి, వాటిలో కావలసిన కేంద్రకం, కావలసిన కణద్రవ్యం రెండూ కలిగినది ఏదో తెలియాలంటే ప్రతి మొక్క పుప్పొడినీ ఒక వంధ్య తల్లికి అద్ది, పుట్టిన సంతానం పూచే వరకు వేచి ఉండాలి. ఉల్లి మొదటి ఏడు గడ్డను, రెండవ ఏడు గింజను ఇస్తుంది కాబట్టి ఒక పరీక్ష ముగిసేసరికి నాలుగు నుండి ఎనిమిదేళ్లు గడిచేవి. 1990ల నుండి డీఎన్ఏ పరీక్ష ద్వారా నారు దశలోనే కణద్రవ్యం ఏ రకమో తెలుసుకునే వీలు కలిగింది.

వంధ్యత్వం ఎందుకు పుప్పొడి దగ్గరే బయటపడుతుంది, ఆకులో, వేరులో ఎందుకు కనిపించదు అన్న ప్రశ్నకు జవాబు కేసరం చివర పుప్పొడి పుట్టే సంచి, అంటే పరాగకోశం, లోపలి గోడలో ఉంది. పుప్పొడి గింజలకు తిండి పెట్టే పోషక పొరను టపెటం అంటారు. పుప్పొడి తయారయ్యే కొద్ది రోజులలో దానికి కావలసిన శక్తి అసాధారణం. మొక్కజొన్నలో పరిశీలించినప్పుడు ఈ పొర కణాలలో మైటోకాండ్రియా సంఖ్య సుమారు 40 రెట్లు పెరిగినట్లు తేలింది. వంధ్య కణద్రవ్యంలోని మైటోకాండ్రియాలలో, వేర్వేరు జన్యువుల ముక్కలు అతుక్కుపోయి ఏర్పడిన ఒక అతుకుల జన్యువు ఉంటుంది. అది తయారుచేసే ప్రోటీను మామూలు రోజులలో మొక్క భరించగలిగినదే, కాని టపెటం నిండా పని చేయవలసిన వేళ అది శక్తి ఉత్పత్తికి అడ్డుపడుతుంది, పోషక పొర కాలానికి ముందే చితికిపోతుంది, పుప్పొడి గింజలు ఒట్టి తొడుగులుగా మిగులుతాయి. ప్రయోగశాలలో ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మంచి పుప్పొడి నిండు ఎరుపుతో గుండ్రంగా కనిపిస్తుంది, వంధ్య పుప్పొడి రంగు పట్టక, ముడతలు పడి, గాజు పెంకుల్లా కనిపిస్తుంది. పొలంలో అంత పరికరం అక్కర్లేదు. మిరప పువ్వులోని నీలిరంగు పరాగకోశాన్ని గోటి మీద రుద్దినప్పుడు పొడి అంటితే సారవంతం, అంటకపోతే వంధ్యం.

పునరుద్ధరణ జన్యువు ఈ అతుకుల జన్యువును తొలగించదు, దాని నోరు మూయిస్తుంది. 2002లో పెటూనియా పూల మొక్కలో, ఆ తర్వాత ముల్లంగిలో బయటపడిన పునరుద్ధరణ జన్యువులు పీపీఆర్ అనే ప్రోటీన్ల కుటుంబానికి చెందినవి. ఇవి కేంద్రకంలో ఆదేశం పొంది, తయారయ్యాక మైటోకాండ్రియాలోకి వెళ్లి, అక్కడ అతుకుల జన్యువు నుండి వెలువడే ఆర్ఎన్ఏ సందేశాన్ని పట్టుకుని అది ప్రోటీనుగా మారకుండా ఆపుతాయి. ఇంత పకడ్బందీ వ్యవస్థ మనిషి విత్తనాల కోసం పుట్టలేదు. మైటోకాండ్రియాకు పుప్పొడి ద్వారా భవిష్యత్తు లేదు, గింజ ద్వారానే ఉంది. కాబట్టి పుప్పొడి ఖర్చును ఆదా చేసి గింజలు పెంచే మార్పు మైటోకాండ్రియా వైపు నుండి చూస్తే లాభమే. కేంద్రకానికి రెండు దారులూ కావాలి, కాబట్టి అది ఎదురు తిరుగుతుంది. థైమ్ వంటి మొక్కలలో ఆడ మొక్కలు, ద్విలింగ మొక్కలు కలిసి పెరగడాన్ని, ఆడ మొక్కలు ఎక్కువ గింజలు ఇవ్వడాన్ని చార్లెస్ డార్విన్ 1877లోనే గ్రంథస్థం చేశాడు. వెనుకనున్న తగవు స్వరూపం తెలియడానికి ఒక శతాబ్దం పట్టింది. ఒక్క కణంలో తల్లి వంశానికీ ఉభయ వంశాలకూ మధ్య సాగే ఈ పోరును పూర్తిగా అర్థం చేసుకోక ముందే ప్రజనన శాస్త్రవేత్త దానిని తన పనికి వాడుకున్నాడు.

ఇక్కడ వంటింటి ప్రశ్న ఒకటి శాస్త్రాన్ని నిర్ణయిస్తుంది: ఆ మొక్కలో మనిషి తినే భాగం ఏది? ఉల్లిలో గడ్డను, క్యారెట్‌లో దుంపను, క్యాబేజీలో ఆకుల ముద్దను తింటారు. వీటిలో రైతు పొలంలోని సంకర మొక్క పూయనవసరమే లేదు కాబట్టి పునరుద్ధరణ గురించి ఎవరూ తల పగలగొట్టుకోనక్కర్లేదు, మంచి గుణాలున్న ఏ వంశమైనా తండ్రి కావచ్చు. మిరపలో తినేది కాయ. కాయ నిలబడాలంటే పుప్పొడి కావాలి, గింజ కట్టని మిరపకాయ చిన్నబోయి వంకర తిరుగుతుంది. కారం పుట్టేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి నడిమి భాగంలో. ఆ భాగం నిండుగా పెరగాలన్నా కాయలో గింజ కట్టాలి. అందుచేత మిరపలో ఆర్ లైను లేని సంకరం పూత మీదే ఆగిపోయిన తోట అవుతుంది.

మిరప వంధ్య కణద్రవ్యం కథ తెలుగువారికి దగ్గరగా వస్తుంది. 1958లో పీటర్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, భారతదేశం నుండి సేకరించి అమెరికా విత్తన భాండారంలో 164835 అనే సంఖ్యతో భద్రపరచిన మిరప నమూనాలో కణద్రవ్య వంధ్యత్వాన్ని కనుగొన్నారు. అమెరికా ఖండాలలో పుట్టిన మిరప పోర్చుగీసు వారి ఓడలలో ఇక్కడికి వచ్చి, ఇక్కడి నేలలో స్థిరపడి, తిరిగి అట్లాంటిక్ దాటి వెళ్లిన విత్తనంలో ఈ గుణం బయటపడింది. నేడు ప్రపంచంలో సంకర మిరప తయారీలో వాడే వంధ్య కణద్రవ్యంలో అధిక భాగం ఆ ఒక్క నమూనా సంతతే. బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఈ పద్ధతిలో అర్క మేఘన, అర్క శ్వేత, అర్క హరిత అనే సంకర మిరపలను రూపొందించింది. గుంటూరు మిర్చి యార్డుకు చేరే బస్తాలలో లాం పరిశోధన కేంద్రపు పాత రకాలతో పాటు సంకర రకాల కాయలూ కలిసి ఉంటాయి. పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల రైతు విత్తనం పొట్లానికి చెల్లించే ధరలో ఈ వంశాల వెనుక నడిచిన దశాబ్దాల శ్రమ కూడా కలిసి ఉంటుంది.

అయితే ఒక గమ్మత్తు ఉంది. కారం మిరపలలో పునరుద్ధరణ జన్యువు విరివిగా దొరుకుతుంది, కూరకు వాడే పెద్ద కాప్సికం రకాలలో అరుదు. అందుకే ఈ మూడు వంశాల పద్ధతి కారం మిరపలో వేళ్లూనినంతగా కాప్సికంలో వేళ్లూనలేదు. ఉష్ణోగ్రత మరొక అడ్డంకి. చలి ఎక్కువైనప్పుడు కొన్ని ఏ లైను మొక్కలు ఉన్నట్టుండి కొంత పుప్పొడిని రాల్చి తమను తామే ఫలదీకరించుకుంటాయి, దానితో సంకర విత్తనంలో కల్తీ చేరుతుంది. మరోవైపు చలిలో పునరుద్ధరణ కూడా అరకొరగా సాగి సంకర మొక్కలలో కాయ తగ్గవచ్చు. కాబట్టి వంధ్య వంశాన్ని ఒక చోట పరీక్షించి నమ్మడం సరిపోదు, వేర్వేరు సీజన్లలో, వేర్వేరు ఊళ్లలో పూయించి చూడాలి.

కణద్రవ్యం ప్రమేయం లేకుండా కేంద్రకంలోని అంతర్గత జన్యువు ఒక్కటే పుప్పొడిని ఆపే పద్ధతి కూడా ఉంది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1981లో ఖర్బూజాలో పంజాబ్ హైబ్రిడ్‌ను, ఆ తర్వాత మిరపలో సీహెచ్-1ను ఈ దారిలోనే తెచ్చింది. దీనికి పునరుద్ధరణ బెడద లేదు, దాదాపు ఏ తండ్రి అయినా పనికి వస్తాడు. ఇబ్బంది తల్లి వైపు ఉంది. వంధ్య తల్లిని నిలబెట్టే విత్తనంలో సగం మొక్కలే వంధ్యమైనవి, మిగిలిన సగం పుప్పొడి ఉన్నవి పుడతాయి. విత్తన క్షేత్రంలో రెట్టింపు నారు నాటి, మొదటి పువ్వు విప్పగానే ఒక్కొక్క మొక్కనూ పరీక్షించి, పుప్పొడి ఉన్నవాటిని పీకివేయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే వాటి పుప్పొడి చేనంతా పరుచుకుంటుంది. టమాటాలో ఈ చిక్కుకు అందమైన పరిష్కారం దొరికింది: అక్కడి ఒక వంధ్యత్వ జన్యువు పక్కనే, నారు కాడకు ఊదారంగు రానివ్వని మరొక జన్యువు ఉంది, రెండూ కలిసే సంక్రమిస్తాయి. ఆ నారుమడిలో ఊదా కాడ మొలకలు పీకివేసి పచ్చ కాడ మొలకలు ఉంచుకుంటే, పూత రాక ముందే వంధ్య మొక్కలు దాదాపుగా ఏరిపెట్టినట్లే.

క్యాబేజీ కుటుంబంలో వచ్చిన సమస్య వేరు. 1968లో జపాన్‌లోని కగోషిమాలో ఒగురా అనే శాస్త్రవేత్త ముల్లంగిలో వంధ్యత్వాన్ని గుర్తించారు. దానిని క్యాబేజీ, కాలిఫ్లవర్‌ల వైపు మళ్లించినప్పుడు కొత్త మొక్కలు చలిలో పసుపు రంగుకు పాలిపోయాయి, ఎందుకంటే తల్లి వైపు నుండి మైటోకాండ్రియాతో పాటు ముల్లంగి హరితరేణువులు కూడా వచ్చాయి, అవి క్యాబేజీ కేంద్రకంతో సరిగా పొసగలేదు. 1983 ప్రాంతంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు గోడలు తొలగించిన కణాలను ఒకదానితో ఒకటి కలిపి, ముల్లంగి మైటోకాండ్రియా, క్యాబేజీ కుటుంబపు హరితరేణువులు ఉన్న కణాలను ఏరి, వాటి నుండి మొక్కలను పెంచడంతో పసుపు పోయింది. కణాలను కలిపే ఈ పద్ధతి సహజ సంకరణం కాదన్న కారణంతో ఐరోపాలోని కొన్ని సేంద్రియ రైతు సంఘాలు అటువంటి విత్తనాన్ని తమ పొలాలలో అనుమతించవు.

ఈ ప్రయోజనాల పక్కన ఒక హెచ్చరిక స్పష్టంగా నిలిచి ఉంది. 1970లో అమెరికాలో సంకర మొక్కజొన్నలో సుమారు 85 శాతం టీ అనే ఒకే వంధ్య కణద్రవ్యంతో తయారైంది. ఆకుమచ్చ తెగులు కలిగించే శిలీంధ్రంలో కొత్త జాతి ఒకటి పుట్టి, సరిగ్గా ఆ కణద్రవ్యంలోని అతుకుల ప్రోటీనును ఆసరా చేసుకుని మైటోకాండ్రియా పొరలకు రంధ్రాలు పడేలా చేసింది. ఆ ఏడు దేశపు మొక్కజొన్న దిగుబడిలో సుమారు 15 శాతం పోయింది. పుప్పొడిని ఆపిన ప్రోటీనే తెగులుకు తలుపు తెరిచిందన్నది గమనించవలసిన విషయం. మిరపలో పీటర్సన్ నమూనా, క్యాబేజీ కుటుంబంలో ఒగురా కణద్రవ్యం అంతే విస్తారంగా పరుచుకుని ఉన్నాయి. అటువంటి విపత్తు వీటిలో రాకపోయినా, కొత్త వంధ్య కణద్రవ్యాల కోసం నాటు రకాలలో, అడవి బంధువులలో వెదకడం ప్రభుత్వ పరిశోధన సంస్థలు వదలకూడని పని. నాటు విత్తనం ఊళ్లలో కనుమరుగైతే వెదకడానికి చోటే మిగలదు.

రైతు తన పొలంలోని సంకర మిరప నుండి గింజ దాచుకుని మరుసటి ఏడు నాటితే జరిగేది కూడా ఈ జన్యువుల లెక్కే చెబుతుంది. సంకర మొక్కలో వంధ్య కణద్రవ్యం, ఒక పునరుద్ధరణ జన్యువు, ఒక అంతర్గత రూపం ఉంటాయి; దాని సంతానంలో నాలుగింట ఒక వంతు మొక్కలకు పునరుద్ధరణ జన్యువు అందదు, అవి పుప్పొడి లేకుండా పూస్తాయి, పక్క మొక్కల పుప్పొడిని తేనెటీగలు తెచ్చినంత మేరకే కాయ కడతాయి; మిగిలిన మూడు వంతులలోనూ కాయ పొడవు, కారం, రంగు రకరకాలుగా చీలిపోతాయి. ఉల్లిలో తండ్రి వైపు నుండి పునరుద్ధరణ జన్యువు రాకపోతే సంకర మొక్క ఏదీ తనకు తాను గింజ కట్టదు. కర్నూలు రైతు గడ్డలు దాచి, నాటి, పూయించినా, చుట్టుపక్కల వేరే ఉల్లి పూయనంతకాలం గుత్తులు ఎండిపోయి చేతికి పొట్టు మాత్రమే వస్తుంది. ఈ విషయం విత్తనం పొట్లం మీద తెలుగులో స్పష్టంగా రాసి ఉండవలసినది.

విత్తన క్షేత్రంలో మాత్రం చివరి మాట తేనెటీగదే. నాలుగు వరుసల ఏ లైనుకు ఒక వరుస తండ్రి వంశం చొప్పున ఉల్లిని నాటి, మధ్య మధ్య తేనెపెట్టెలు నిలిపినా, పుప్పొడి కోసం తిరిగే ఈగ తండ్రి వరుస దాటి రాదు, ఎందుకంటే వంధ్య పువ్వులో దానికి దొరికేది లేదు. మకరందం కోసం తిరిగే ఈగ మాత్రమే రెండు వరుసల మధ్యా రాకపోకలు సాగిస్తుంది. అందుచేత మంచి ఏ లైనును ఎంచేటప్పుడు గడ్డ రంగు, నిల్వ గుణంతో పాటు పువ్వులో మకరందం ఎంత ఊరుతుందో కూడా చూస్తారు, పూత ఉన్నంతకాలం ఆ చేనిలో పురుగుమందు డబ్బా మూత తీయరు.